చదివితే వచ్చినట్టే ఉంటుంది, పేపర్ చూస్తే ఏదీ రాదు: గ్రూపు మార్చుకోవాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో పదో తరగతి చదివాను. ఇప్పుడు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ, ఇంగ్లిష్ మీడియం. రోజూ రాత్రి 12 దాకా చదువుతాను, తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ లేస్తాను. చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. పేపర్ చేతికొచ్చేసరికి ఏదీ గుర్తుకు రాదు. క్వార్టర్లీలో మ్యాథ్స్ 1ఏలో 75కి 21, ఫిజిక్స్‌లో 60కి 17 వచ్చాయి. కెమిస్ట్రీ ఎలాగో గట్టెక్కింది. "నీ తలకెక్కదు బిడ్డా, సీఈసీకి మారిపో" అంటున్నాడు మా నాన్న. పదిలో లెక్కల్లో క్లాస్ ఫస్ట్ నేనే. నా తెలివి తగ్గిపోయిందా? గ్రూపు మార్చుకోమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చుకోకమ్మా. నీ మార్కులనే ఇంకోసారి చూడు. 75 మార్కుల పేపర్లో పాస్ కావాలంటే 26 రావాలి, 60 మార్కుల పేపర్లో 21. నువ్వు ఒకదాంట్లో 5 మార్కుల దగ్గర, ఇంకోదాంట్లో 4 మార్కుల దగ్గర ఆగిపోయావు. పూర్తిగా రాసిన 7 మార్కుల లెక్క ఒకటి అక్కడ, 4 మార్కుల డెరివేషన్ ఒకటి ఇక్కడ ఉంటే రెండు పేపర్లూ గట్టెక్కేవి. ఈ మాత్రానికి తెలివిని అనుమానించనక్కర్లేదు. కష్టపడటంలోనూ లోటు లేదు, అవసరమైన దానికంటే ఎక్కువే మేలుకుంటున్నావు. మార్చుకోవాల్సింది ఆ గంటల్లో చేస్తున్న పనిని.

"చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది" అని రాశావు చూడు, అసలు చిక్కు అక్కడే ఉంది. పుస్తకం ఎదురుగా ఉన్నంతసేపూ మనసు చేసే పని గుర్తుపట్టడం. మూడోసారి చదివేసరికి వాక్యాలన్నీ తెలిసిన మొహాల్లా కనిపిస్తాయి, చూపు చకచకా సాగిపోతుంది, ఇక ఇది నాకు వచ్చేసింది అనిపిస్తుంది. పరీక్షలో తెల్ల కాగితం తప్ప ఎదురుగా ఏమీ ఉండదు. అక్కడ గుర్తు తెచ్చుకోవాలి. ఈ రెండో పని నువ్వు ఇంట్లో ఒక్కసారైనా చేయకుండా నేరుగా హాల్లో మొదలుపెడుతున్నావు.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. 2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. ఇంకో పాఠాన్ని ఒకసారే చదివించి, దాన్ని పక్కన పెట్టించి, గుర్తున్నంత రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివిన పాఠం 81 శాతం గుర్తుంది, చదివి రాసిన పాఠం 75 శాతం. వారం గడిచాక చూస్తే తలకిందులైంది: రెండుసార్లు చదివింది 42 శాతానికి పడిపోయింది, ఒకసారి చదివి రాసింది 56 దగ్గర నిలబడింది. చదివిన రాత్రి నీకున్న ధైర్యం, పేపర్ రోజున కలిగిన కంగారు రెండూ ఈ అంకెల్లోనే ఉన్నాయి.

కాబట్టి ఈ రోజు నుంచి ఏ పాఠమైనా సరే, ఒకసారి అర్థమయ్యేలా నెమ్మదిగా చదువు, పుస్తకం మూసెయ్, తెల్ల కాగితం తీసుకుని రాయి. నీ సిలబస్‌లోదే ఒకటి తీసుకుని చూద్దాం. సదిశల సమాంతర చతుర్భుజ నియమం, మీ పుస్తకంలో పారలలోగ్రామ్ లా ఆఫ్ వెక్టర్స్. పుస్తకం మూశాక ముందు నియమం రాయాలి. తర్వాత బొమ్మ: ఓఏ అనేది పి, ఓబి అనేది క్యూ, మధ్య కోణం థీటా, కర్ణం ఓసి ఫలిత సదిశ. ఇక్కడిదాకా చాలామందికి వస్తుంది. తర్వాతి అడుగులోనే పెన్ను ఆగుతుంది. ఓఏ గీతను పొడిగించి, సి నుంచి దాని మీదికి లంబం దించి, అది తగిలిన చోటుకు డి అని పేరు పెట్టాలి. ఆ లంబం గుర్తుకొస్తే మిగతాదంతా పైథాగరస్సే. ఓసి వర్గం అంటే ఓడి వర్గం, సిడి వర్గం కలిపినది. ఓడిలో ఓఏ, ఏడి అనే రెండు ముక్కలున్నాయి. ఏడి విలువ క్యూ కాస్ థీటా, సిడి విలువ క్యూ సైన్ థీటా. వీటిని పెట్టి సూక్ష్మీకరిస్తే పి వర్గం, క్యూ వర్గం, రెండు పి క్యూ కాస్ థీటా కలిసి వస్తాయి. వాటి మొత్తానికి వర్గమూలమే ఫలిత సదిశ పరిమాణం. దిశ కోసం సిడిని ఓడితో భాగించాలి.

రాస్తూ రాస్తూ ఎక్కడ ఆగిపోయావో అక్కడ ఒక గీత గియ్యి. వెంటనే పుస్తకం తెరవకు. రెండు నిమిషాలు పెనుగులాడు, తప్పైనా సరే తోచింది రాయి. అప్పటికీ రాకపోతే తెరిచి ఆ ఒక్క అడుగే చూడు, మళ్లీ మూసి మొదటి నుంచి పూర్తి చెయ్. పూర్తయ్యాక ఎర్ర పెన్నుతో పుస్తకంతో సరిచూసుకో. మొదటి వారం ఇది చాలా చిరాగ్గా ఉంటుంది. ఇదివరకు ఒక సాయంత్రం మూడు పాఠాలు అయిపోయేవి, ఇప్పుడు ఒకటి కూడా సాగడం లేదే అని భయమేస్తుంది. ఎక్కువమంది సరిగ్గా ఇక్కడే వదిలేసి మళ్లీ చదవడానికి వెళ్లిపోతారు. నువ్వు వెళ్లకు. ఆ మూడు పాఠాలు అయిపోయినట్టు అనిపించాయే గాని కాలేదని నీ క్వార్టర్లీ పేపరే చెప్పింది.

ఒకసారి రాసినంత మాత్రాన కుదరదు, మరుపు దాని పని అది చేస్తుంది. రాసిన రోజున పేజీ పైన తేదీ వెయ్. అదే ప్రశ్నను రెండు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, మూడు వారాలకు ఇంకోసారి పుస్తకం చూడకుండా రాయి. మొదటిసారి 25 నిమిషాలు పట్టింది నాలుగోసారికి 7, 8 నిమిషాల్లో అయిపోతుంది, బోర్డు పరీక్షలో 4 మార్కుల జవాబుకు దొరికే సమయంలో హాయిగా సరిపోతుంది. ఇందుకు ఖరీదైన ప్లానర్లేమీ వద్దు. పాత క్యాలెండర్ గళ్లలో పాఠం పేరు, ప్రశ్న నంబరు పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటే చాలు. ఏదైనా ఒక రోజు తప్పితే మరునాడు రాసెయ్, లెక్క మొదటికి తీసుకురాకు.

లెక్కల సంగతి కొంచెం వేరు. నీ దగ్గర మ్యాథ్స్ నోట్సు నిండుగానే ఉండి ఉంటుంది. సార్ బోర్డు మీద చేసినవి, గైడులో చూసి ఎక్కించినవి. అవి చెయ్యి నేర్చుకున్న లెక్కలు, బుర్ర నేర్చుకున్నవి కావు. సాధించిన లెక్కను చదివేటప్పుడు కింది లైన్లను కాగితంతో మూసి, ఒక్కో లైన్ జరుపుతూ, ప్రతిదాని దగ్గరా "ఇదే ఎందుకు?" అని అడుగు. మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలైనప్పుడు కాస్ ఏ, కాస్ బి, కాస్ సి కలిపితే ఏమొస్తుందో నిరూపించే లెక్క తీసుకో. మొదటి రెండు పదాలను లబ్ధంగా మారుస్తారు. ఏ, బిల మొత్తంలో సగం అంటే 90లోంచి సిలో సగం తీసేసినంత, కాబట్టి అక్కడ సైన్ సి బై టూ బయటికొస్తుంది. మూడో పదం కాస్ సిని రాయడానికి రెండు సూత్రాలున్నాయి. ఒకదాంట్లో కాస్ వర్గం ఉంది, ఇంకోదాంట్లో సైన్ వర్గం ఉంది. సైన్ వర్గం ఉన్నదే ఎందుకు తీసుకోవాలి? ఇందాక బయటికొచ్చింది సైన్ కాబట్టి, దానితో కలిపి ఉమ్మడిగా తీయడానికి. ఈ ఒక్క కారణం పట్టుకుంటే, కూడిక బదులు తీసివేత ఇచ్చినా, కాస్ బదులు సైన్ ఇచ్చినా తడబడవు. కారణం తెలియకుండా పది లెక్కలు ఎక్కించినా పదకొండోది కొత్తగానే ఉంటుంది.

ఇంకో పొరపాటు దాదాపు అందరూ చేస్తారు: ఒక ఎక్సర్‌సైజ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఒకే ఊపులో చేసెయ్యడం. ట్రాన్స్‌ఫర్మేషన్స్ అని పైన హెడ్డింగ్ ఉంటే ఏ సూత్రం వాడాలో లెక్క చూడకముందే తెలిసిపోయింది. ప్రశ్నపత్రంలో హెడ్డింగులుండవు, ఏ సూత్రమో నువ్వే ఎంచుకోవాలి. రోహ్రర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో నాలుగు రకాల ఘనాకారాల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలిచ్చారు. రకం వారీగా చేసినవాళ్లు సాధన సమయంలో 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో రకం వారీ వాళ్లకు 20 శాతం, కలగలిపిన వాళ్లకు 63. కొత్త పాఠం నేర్చుకునే రోజున వరుసగా నాలుగైదు లెక్కలు చేయడంలో తప్పులేదు. మూడో రోజు నుంచి మాత్రం కాంపౌండ్ యాంగిల్స్‌లో ఒకటి, మల్టిపుల్ యాంగిల్స్‌లో ఒకటి, ట్రాన్స్‌ఫర్మేషన్స్‌లో ఒకటి, మాత్రికల్లో (మ్యాట్రిసెస్) ఒకటి చీటీల మీద రాసి, కలిపి, తీసి చెయ్.

ఎర్ర గీతలు పడ్డ ప్రతి తప్పునూ ఒక పలుచని నోటుబుక్కులోకి ఎక్కించు. పక్కన అది ఎలాంటి తప్పో ఒక్క మాట. అసలు అర్థం కాలేదా, అర్థమై కూడా గుర్తుకు రాలేదా, అన్నీ వచ్చి గుర్తు మార్చడంలోనో కూడికలోనో జారిందా? అర్థం కానిదైతే ఎన్నిసార్లు రాసినా లాభం లేదు, సార్ దగ్గరికో బాగా వచ్చిన స్నేహితురాలి దగ్గరికో వెళ్లాల్సిందే. గుర్తుకు రానిదైతే మళ్లీ క్యాలెండర్‌లోకి ఎక్కించాలి. గుర్తులు జారే అలవాటుంటే ఒక లైనుకు ఒకే మార్పు చేస్తూ రాయడం అలవాటు చేసుకోవాలి. రెండు మూడు స్టెప్పులు మనసులో చేసి ఒకే లైన్లో రాసేవాళ్లకే మైనస్‌లు పోతాయి. సార్ దగ్గరికి వెళ్లేటప్పుడు "ఈ చాప్టర్ అర్థం కాలేదు సార్" అనకు. నువ్వు ఆగిపోయిన కాగితం చూపించి "ఈ లైన్ తర్వాత ఈ లైన్ ఎలా వచ్చింది సార్?" అని అడుగు. స్టాఫ్ రూమ్‌లో మూడు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇక మీడియం. నీ భారంలో సగం ఇదే అని మాకు గట్టిగా అనిపిస్తోంది. ఫిజిక్స్ అర్థం కావడం, ఇంగ్లిష్ అర్థం కావడం అనే రెండు పనులను నువ్వు ఒకేసారి మోస్తున్నావు. వాటిని విడదియ్యి. తెలుగు అకాడమీ తెలుగు మీడియం పుస్తకం ఒకటి సంపాదించు. సీనియర్ల దగ్గర పాతది ఉంటే అడుగు, కాలేజీ లైబ్రరీలో చూడు. పాఠం ముందు 15, 20 నిమిషాలు తెలుగులో చదివి విషయం పట్టుకో, తర్వాత ఇంగ్లిష్ పుస్తకంలో అదే పేజీ చదువు. రాసే జవాబు మాత్రం మొదటి రోజు నుంచీ ఇంగ్లిష్‌లోనే రాయి, తప్పులున్నా సరే. నోటుబుక్కు చివరి పేజీల్లో రెండు వరుసలు గీసి పదాల పట్టిక పెట్టుకో. స్పీడ్ అంటే వడి, వెలాసిటీ అంటే వేగం, మొమెంటమ్ అంటే ద్రవ్యవేగం. పవర్ దగ్గర జాగ్రత్త, మామూలు మాటల్లో దాన్ని శక్తి అనేస్తాం, నీ తెలుగు పుస్తకంలో పవర్ సామర్థ్యం, ఎనర్జీ శక్తి. ఒక చాప్టర్‌కు ఇలాంటివి పాతికకు మించి ఉండవు.

ప్రశ్నలో వాడే క్రియలను కూడా విడిగా నేర్చుకో, తెలిసిన జవాబుకు మార్కులు పోయేది అక్కడే. డిఫైన్ అంటే నిర్వచనం ఒకటి రెండు వాక్యాల్లో, అది రాశి అయితే ప్రమాణం కూడా. స్టేట్ అంటే నియమాన్ని ఉన్నదున్నట్టు రాయడం, నిరూపణ అడగలేదు. డిరైవ్ అంటే బొమ్మ, అడుగులు, చివర సూత్రం. డిస్టింగ్విష్ అంటే రెండు వరుసల్లో తేడాలు, ఇటు రాసిన ప్రతిదానికీ అటు జోడీ ఉండాలి. రెండు మార్కుల ప్రశ్నకు పేజీ నిండా రాస్తే రెండు మార్కులే వస్తాయి, పది నిమిషాలు పోతాయి.

నిద్ర గురించి గట్టిగానే చెప్పాలి. నీ లెక్క ప్రకారం నువ్వు పడుకుంటున్నది నాలుగున్నర గంటలు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంగా గట్టిపడటానికి నిద్ర అవసరం. దాన్ని కోసేసి చదివితే చదివిందే జారిపోతుంది, మరునాడు క్లాసులో పాఠమూ ఎక్కదు. రాత్రి 10కి పడుకో, ఉదయం 6కి లే. కాలేజీ నుంచి వచ్చి తిని, గంటసేపు ఏమీ చదవకు. సాయంత్రం 6 నుంచి తొమ్మిదిన్నర లోపల 50 నిమిషాల చొప్పున మూడు దఫాలు, మధ్యలో పదేసి నిమిషాల విరామం, ఆపైన భోజనం. మొదటి దఫా ఆ రోజు క్లాసులో జరిగినదానికి, రెండోది లెక్కలకు, మూడోది క్యాలెండర్‌లో ఆ రోజుకు పడ్డ పాత ప్రశ్నలకు. ఉదయం ఒక గంట కెమిస్ట్రీ, లాంగ్వేజీలు. ఫోన్ ఇంకో గదిలో అమ్మ దగ్గర ఉంచు. సైలెంట్‌లో పెట్టి పక్కనే ఉంచుకుంటే చెయ్యి దానిమీదికే పోతుంది. ఇంట్లో ఒకటే గది అయితే టీవీ లేని ఆ మొదటి రెండు గంటలైనా అడిగి తీసుకో.

ఆదివారం ఉదయం 9 నుంచి 12 దాకా ఒక పాత పేపర్ గడియారం పెట్టుకుని రాయి. తెలంగాణ బోర్డు పాత 1ఏ పేపర్లు 75 మార్కులకు మూడు సెక్షన్లుగా ఉంటాయి. 2 మార్కులవి పది, అన్నీ రాయాలి. 4 మార్కులవి ఏడింటిలో ఐదు, 7 మార్కులవి ఏడింటిలో ఐదు. మొదటి సెక్షన్‌కు 35 నిమిషాలు, రెండోదానికి 50, మూడోదానికి 70 పెట్టుకుంటే సరిచూసుకోవడానికి 25 మిగులుతాయి. మాత్రికల నుంచి సాధారణంగా 7 మార్కులవి రెండు, 4 మార్కులది ఒకటి, 2 మార్కులవి రెండు వస్తుంటాయి, అంటే 22 మార్కులు. ప్రమేయాల (ఫంక్షన్స్) నుంచి, గణితానుగమనం (మ్యాథమెటికల్ ఇండక్షన్) నుంచి ఒక్కో 7 మార్కుల ప్రశ్న. ఇప్పుడు వెనకబడ్డావు కాబట్టి ఈ మూడు చాప్టర్లతో మొదలుపెట్టు, పాస్ భయం ముందు పోవాలి, తర్వాత త్రికోణమితి మీద తీరిగ్గా కూర్చోవచ్చు. పేపర్ నమూనాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, ఈ సంవత్సరం మోడల్ పేపర్ కాలేజీలో అడిగి తీసుకుని దానితో పోల్చుకో.

ఒక మాట అడగాలనిపిస్తోంది. నువ్వు రాయలేదు గాని, ఇంత తక్కువ నిద్రతో, ఇంట్లో ఈ మాటలు వింటూ, మనసు బాగా కుంగిపోతుందేమో. అలా ఉంటే దాచుకోకు తల్లీ. అమ్మతో చెప్పు, నమ్మకమున్న మేడమ్‌తో చెప్పు, లేదా టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్. ప్రభుత్వానిదే, ఉచితం, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడొచ్చు. మొదటి సంవత్సరంలో ఒకటి రెండు సబ్జెక్టులు పోయినా రెండో సంవత్సరం క్లాసులకు వెళ్లనిస్తారు, సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. దారి మూసుకుపోయే పరీక్ష కాదిది.

నాన్నగారికి కూడా ఒక మాట: అయ్యా, బిడ్డ మీద ప్రేమతోనే అంటున్నారని తెలుసు. సంవత్సరం మధ్యలో సీఈసీకి మారితే అక్కడ జూన్ నుంచి జరిగిన సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ పాఠాలన్నీ ఆమె ఒక్కతే మొదటి నుంచి చదువుకోవాలి. చదివే పద్ధతి ఇదే ఉంటే అక్కడా ఇవే మార్కులు వస్తాయి. కామర్స్‌లో అకౌంట్లు చూసి చదివితే వచ్చేవి కావు, అవీ చేసి నేర్చుకోవాల్సినవే. సీఈసీ చిన్నచూపు చూడాల్సిన గ్రూపేమీ కాదు, సీఏ వైపో డిగ్రీలో బీకాం వైపో వెళ్లాలన్న ఇష్టంతో తీసుకుంటే మంచి దారి. భయపడి పారిపోయి చేరడానికి మాత్రం వద్దు.

అందుకని ఇద్దరూ ఎనిమిది వారాలు గడువు పెట్టుకోండి. ఆదివారం రాసిన ప్రతి పేపర్ మీదా తేదీ, మార్కులు వేసి ఒక ఫైల్‌లో పెట్టమ్మా. ఎనిమిదో వారం తర్వాత మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి నాన్నతో కలిసి చూడు. మార్కులు పెరుగుతుంటే, నిదానంగానైనా సరే, ఎంపీసీలోనే ఉండు. పెరగకపోతే ఆ ఫైల్, తప్పుల నోటుబుక్కు రెండూ తీసుకుని మ్యాథ్స్ సార్ దగ్గరికి వెళ్లు. పదో తరగతి పునాదిలో ఎక్కడ ఖాళీ ఉందో ఆ కాగితాలు చూస్తే ఆయనకు తెలిసిపోతుంది. ఈ రెండు నెలలూ నిజంగా రాసి, మార్కులు కూడా వచ్చి, అయినా ఆ సబ్జెక్టులంటే ఇష్టం కలగలేదనుకో, అప్పుడు గ్రూపు గురించి మాట్లాడుకోవచ్చు, మాకు మళ్లీ రాయి.